డూప్లికేట్లు వెతకడం పైథాన్ పని, తీసేయడం బాబాయి పని

ప్రశ్న: ఖమ్మంలో మా బాబాయి ఫొటో స్టూడియో నడుపుతారు. నేను డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను, సాయంత్రాలు షాపులో ఉంటాను. పైథాన్ కొద్దిగా వచ్చు. షాపులో రెండు సిస్టమ్‌లు, మూడు పోర్టబుల్ హార్డ్ డిస్కులు ఉన్నాయి, అన్నీ నిండిపోయాయి. ఒకే పెళ్లి ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘డెస్క్‌టాప్ బ్యాకప్’ అంటూ మూడు నాలుగు చోట్ల ఉంటుంది. ఒకే పేరున్న ఫైళ్లను వెతికే ప్రోగ్రామ్ రాస్తే, అది రెండు వేర్వేరు పెళ్లిళ్ల ఫొటోలను డూప్లికేట్లని చూపించింది. బాబాయి చూశారు కాబట్టి బతికిపోయాం. తర్వాత ప్రతి ఫైల్‌నూ మిగతా అన్నిటితో పోల్చేలా మార్చాను. రాత్రి పెట్టి వెళ్తే తెల్లారేసరికి కూడా అవలేదు. మొత్తం 40 వేల ఫైళ్ల దాకా ఉన్నాయి. అసలు ఎలా రాయాలి? వాట్సాప్‌లో వచ్చిన అదే ఫొటోను కూడా పట్టుకోగలదా? పక్క స్టూడియో ఆయన తనకూ చేసిపెట్టమంటున్నారు, చేయొచ్చా?
ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: మొదటి ప్రోగ్రామ్ అలా చేసిందంటే కారణం కెమెరాలో ఉంది. డిజిటల్ కెమెరాలు ఫైళ్లకు పేర్లు పెట్టే పద్ధతికి డీసీఎఫ్ అని ఒక ప్రమాణం ఉంది. ముందు నాలుగు అక్షరాలు, వెనక నాలుగు అంకెలు. నికాన్ అయితే డీఎస్‌సీ, క్యానన్ అయితే ఐఎంజీ అని మొదలై 0001 నుంచి 9999 దాకా వెళ్లి, మళ్లీ 0001కి వస్తుంది. ఒక్కో పెళ్లికి మూడు నాలుగు వేల క్లిక్కులు పడే స్టూడియోలో నంబరు తిరిగి మొదటికి రావడానికి ఎంతో కాలం పట్టదు. పైగా మీ దగ్గర ఒకే కంపెనీ కెమెరాలు రెండు ఉంటే, ఒకే రోజు ఒకే పేరుతో రెండు ఫొటోలు పుడతాయి. ఇది ఒక పక్క. రెండో పక్క, ఒకే ఫొటో పేరు మార్చుకుని కూర్చుంటుంది. వెనక ‘కాపీ’ అనో, బ్రాకెట్లో 1 అనో చేరుతుంది, లేదా ఆల్బమ్ డిజైనర్ తన వరస నంబర్లు వేసుకుంటాడు. కాబట్టి పేరును మొత్తానికే పక్కన పెట్టండి. తేదీనీ నమ్మొద్దు. విండోస్‌లో ఫైల్ కాపీ చేస్తే ‘క్రియేటెడ్’ తేదీ కొత్తది పడుతుంది, ‘మోడిఫైడ్’ తేదీ పాతదే ఉంటుంది. పుట్టిన తేదీ కన్నా మార్చిన తేదీ ముందున్న ఫైళ్లు మీ డిస్కులో కుప్పలుగా కనిపించేది అందుకే.

రెండో ప్రోగ్రామ్ తెల్లారినా అవకపోవడానికి లెక్క చూడండి. 40 వేల ఫైళ్లను జతలు కడితే దాదాపు 80 కోట్ల జతలు. ఒక్కో జతకు రెండు ఫైళ్లు తెరిచి చదవాలంటే ఏ సిస్టమ్ అయినా చేతులెత్తేస్తుంది. అసలు జతలు కట్టాల్సిన పనే లేదు, గుంపులు కడితే చాలు. అన్నిటికన్నా చవకైన ప్రశ్న ముందు అడగాలి, ఖరీదైన ప్రశ్న చివరికి ఉంచుకోవాలి. గోత్రం కనుక్కోకుండా ఎవరూ పెళ్లిచూపులకు బస్సెక్కరు కదా. ఇక్కడ గోత్రం లాంటిది ఫైల్ సైజు. సైజు బైట్లలో తేడా ఉంటే ఆ రెండు ఫైళ్లూ ఒకటి కావు, తెరిచి చూడనక్కర్లేదు. పైగా సైజు డిస్కు పట్టికలోనే రాసి ఉంటుంది కాబట్టి 40 వేల ఫైళ్లదీ కొద్ది సేపట్లో వచ్చేస్తుంది.

కోడ్ మొదలుపెట్టే ముందు కాగితం మీద తెలుగులో ఇలా రాసుకోండి (హ్యాష్ అంటే ఏమిటో కింద చెప్తాను):

సైజుల పట్టిక = ఖాళీ డిక్షనరీ
ఫోల్డర్‌లోనూ దాని లోపలి ఫోల్డర్లలోనూ ఉన్న ప్రతి ఫైల్‌కూ:
    సైజు సున్నా అయితే వదిలెయ్
    పట్టికలో ఆ సైజు కింద ఫైల్ పూర్తి దారి చేర్చు
రెండు లేదా అంతకన్నా ఎక్కువ ఫైళ్లున్న ప్రతి సైజుకూ:
    ఒక్కో ఫైల్ మొదటి 64 కేబీకి హ్యాష్ తీసి, హ్యాష్‌ను బట్టి గుంపులు విడదియ్
    గుంపులో ఇంకా తోడున్న ఫైళ్లకు మాత్రమే మొత్తం హ్యాష్ తీసి, మళ్లీ విడదియ్
    ఇంకా కలిసే ఉన్న గుంపులను సీఎస్‌వీలో (ఎక్సెల్‌లో తెరుచుకునే జాబితా ఫైల్‌లో) రాయి

ఇంతే. పైథాన్‌లో నలభై యాభై లైన్లు దాటదు. ఫోల్డర్లన్నీ తిరగడానికి ఓఎస్ మాడ్యూల్‌లోని వాక్, గుంపులు కట్టడానికి కలెక్షన్స్‌లోని డిఫాల్ట్‌డిక్ట్, హ్యాష్‌కు హ్యాష్‌లిబ్, జాబితాకు సీఎస్‌వీ. అన్నీ పైథాన్‌తో పాటే వస్తాయి, విడిగా ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. సున్నా సైజు ఫైళ్లను వదలమన్నది ఎందుకంటే, ఖాళీ ఫైళ్లన్నీ ఒకదానికొకటి డూప్లికేట్లే. జాబితా మొత్తం వాటితో నిండిపోతుంది.

హ్యాష్ అంటే ఫైల్‌లోని ప్రతి బైటునూ లెక్కలోకి తీసుకుని తేల్చే ఒక సంఖ్య. ఎస్‌హెచ్‌ఏ-256 అనే హ్యాష్ పద్ధతి వాడితే అది 64 అక్షరాల పొడవుంటుంది. ఫైల్ అరకిలోబైటున్నా, డ్రోన్ వీడియోలా పది జీబీ ఉన్నా పొడవు అదే. లోపల ఒక్క బిట్ మారినా సంఖ్య పూర్తిగా మారిపోతుంది. చాలామంది ఎండీ5 అనే పాత హ్యాష్ పద్ధతి వాడుతుంటారు. ఒకే ఎండీ5 ఇచ్చే రెండు వేర్వేరు ఫైళ్లను కావాలని తయారుచేయొచ్చని 2004లోనే తేలింది. ఎస్‌హెచ్‌ఏ-1 అనే ఇంకో పద్ధతికీ 2017లో అదే గతి పట్టింది. గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ సంస్థ పరిశోధకులు కలిసి ఒకే హ్యాష్ వచ్చే రెండు పీడీఎఫ్‌లు చేసి చూపించారు. మీ పెళ్లి ఫొటోల మీద ఎవరూ అంత కుట్ర చేయరు, ఎండీ5 వాడినా మీకు నష్టం జరగదు. కానీ మీ దగ్గర ఆలస్యమంతా డిస్కు చదవడంలోనే, లెక్కలో కాదు. అలాంటప్పుడు ఎస్‌హెచ్‌ఏ-256 వాడకపోవడానికి కారణం లేదు. ఒకటి మాత్రం చేయొద్దు: పైథాన్‌లో పుట్టుకతో వచ్చే హ్యాష్ ఫంక్షన్‌ను దీనికి వాడొద్దు. 3.3 వెర్షన్ నుంచి అది ప్రోగ్రామ్ నడిపిన ప్రతిసారీ అదే అక్షరాలకు వేరే సంఖ్య ఇస్తుంది. నిన్నటి జాబితాకూ ఇవాళ్టి జాబితాకూ పొంతన కుదరదు.

ఫైల్‌ను ‘ఆర్‌బీ’ మోడ్‌లో, అంటే బైట్లను ఉన్నదున్నట్టు చదివే పద్ధతిలో తెరవండి, ఒక్కో ఎంబీ చొప్పున చదివి హ్యాష్‌కు అందించండి. మొత్తం ఒకేసారి చదివితే ఫొటోలకు ఏమీ కాదు గానీ, రిసెప్షన్ వీడియో దగ్గరికి రాగానే ర్యామ్ నిండి సిస్టమ్ కదలదు. మీ పైథాన్ 3.11 గానీ ఆ తర్వాతది గానీ అయితే హ్యాష్‌లిబ్‌లో ‘ఫైల్ డైజెస్ట్’ అనే ఫంక్షన్ ఈ ముక్కల పని తనే చూసుకుంటుంది.

ఫైల్‌సీఎంపీ అనే మాడ్యూల్ ఉంది, దాంతో సులువు కదా అని మీకు ఎవరైనా చెప్పొచ్చు. అందులో ఒక మెలిక ఉంది. మామూలుగా పిలిస్తే అది ముందు సైజు, మార్చిన సమయం చూస్తుంది. రెండూ కలిస్తే లోపలికి వెళ్లకుండానే ‘ఒకటే’ అని చెప్పేస్తుంది. లోపల పోల్చాలంటే ‘షాలో’ అనేదాన్ని ఫాల్స్ చేసి పిలవాలి. చాలామంది ఈ సంగతి చూసుకోరు.

ఇప్పుడు ఆ 64 కేబీ మెట్టు గురించి. అది వేగం కోసం పెట్టింది, తీర్పు కోసం కాదు. స్టూడియోల్లో అది ఎందుకు కావాలంటే, కంప్రెస్ చేయని ‘రా’ (RAW) ఫైళ్లు, అంటే జేపెగ్‌గా మార్చకముందు కెమెరా దాచే అసలు ఫైళ్లు, కొన్ని కెమెరాల్లో దాదాపు ఒకే సైజులో, ఒక్కోసారి అచ్చంగా అదే సైజులో వస్తాయి. అక్కడ సైజు ప్రశ్న పనిచేయదు, వేల ఫైళ్లు ఒకే గుంపులో పడతాయి. ఫొటో తీసిన సమయం, కెమెరా సెట్టింగులు ఫైల్ మొదట్లోనే ఉంటాయి కాబట్టి మొదటి 64 కేబీ చదివితే ఆ గుంపు చాలావరకు విడిపోతుంది. అలాగని అక్కడితో ఆపేయకండి. కాపీ అవుతుండగా కేబుల్ ఊడిందనుకోండి, సైజు పూర్తిగా కనబడుతూ, మొదలు బాగానే ఉండి, తోక మాత్రం ఖాళీగా ఉన్న ఫైల్ ఒక్కోసారి మిగులుతుంది. తెరిస్తే పెళ్లికొడుకు తలపాగా దాకా వచ్చి కింద అంతా బూడిద రంగు పట్టీ. మొదటి 64 కేబీ చూసి ఇవి రెండూ ఒకటే అనుకుంటే, మంచిదాన్ని తీసేసి పాడైనదాన్ని ఉంచుకునే ప్రమాదం ఉంది. మొత్తం హ్యాష్ కలిస్తేనే డూప్లికేట్.

దీన్ని తిప్పి కూడా వాడుకోండి. పేరు ఒకటి, సైజు ఒకటి, మార్చిన తేదీ ఒకటి, హ్యాష్ మాత్రం వేరు అనే జతలను విడిగా ఇంకో సీఎస్‌వీలో రాయించండి. ఆ జాబితా చిన్నగానే ఉంటుంది. అందులో ఉన్న ప్రతి జతనూ తెరిచి చూడాలి, ఎందుకంటే రెండింటిలో ఒకటి చెడిపోయి ఉండొచ్చు. డూప్లికేట్ల కోసం మొదలుపెట్టిన పనిలో ఇదే ఎక్కువ విలువైనదని నా అభిప్రాయం. పాత డిస్కు మొరాయిస్తోందన్న సంగతి ముందుగా తెలిసేది ఇలాంటి చోటే.

సమయం సంగతి. మామూలు పోర్టబుల్ హార్డ్ డిస్కు సెకనుకు సుమారు 100 ఎంబీ చదువుతుందనుకుంటే ఒక టీబీ మొత్తం చదవడానికి దాదాపు రెండు గంటల ముప్పావు. మీరు అంతా చదవరు కాబట్టి ఇంకా తక్కువే పడుతుంది. యూఎస్‌బీ 3 పోర్టుకే తగిలించండి. పాత యూఎస్‌బీ 2 పోర్టులో పెడితే వేగం మూడో వంతుకు పడిపోతుంది. ప్రోగ్రామ్ ఒకేసారి నాలుగు ఫైళ్లు చదివేలా నాలుగు థ్రెడ్లు పెడితే నాలుగింతలు వేగం వస్తుందని ఆశపడకండి. తిరిగే డిస్కులో చదివే ముల్లు ఒక ఫైల్ నుంచి ఇంకో ఫైల్‌కు గెంతుతూ ఇంకా నిదానమవుతుంది. ఎస్‌ఎస్‌డీలో అయితే థ్రెడ్లు కొంత ఉపయోగపడతాయి.

తెరవలేని ఫైళ్లు కొన్ని తగులుతాయి, పర్మిషన్ లేనివి, దారి మరీ పొడవైనవి. విండోస్‌లో 260 అక్షరాల హద్దు ఇప్పటికీ చాలా సిస్టమ్‌లలో ఉంది. ‘డెస్క్‌టాప్ బ్యాకప్’లో ఇంకో ‘డెస్క్‌టాప్ బ్యాకప్’ పెట్టుకుంటూ పోయే షాపుల్లో ఆ హద్దు తేలిగ్గా దాటుతుంది. అక్కడ ప్రోగ్రామ్ ఆగిపోకుండా ట్రై, ఎక్సెప్ట్ పెట్టండి. ఎక్సెప్ట్‌లో నోరు మూసుకుని దాటెయ్యకుండా, ఏ ఫైల్ చదవలేకపోయిందో రాయించండి. ఇంకో సంగతి, సిస్టమ్‌లో వన్‌డ్రైవ్ ఉండి, ఫైళ్లు క్లౌడ్‌లోనే ఉన్నట్టు మబ్బు గుర్తు కనిపిస్తుంటే ఆ ఫోల్డర్‌ను వదిలెయ్యండి. హ్యాష్ కోసం ఫైల్ తెరవగానే అది డౌన్‌లోడ్ అవుతుంది. ఖాళీ చేద్దామని మొదలుపెట్టి డిస్కు ఇంకా నింపుకున్నట్టవుతుంది, నెట్ డేటా అదనపు ఖర్చు.

సీఎస్‌వీని ‘యూటీఎఫ్-8-సిగ్’ ఎన్‌కోడింగ్‌తో రాయండి. మీ షాపులో ‘గృహప్రవేశం’, ‘సీమంతం’ అని తెలుగులో పేర్లు పెట్టిన ఫోల్డర్లు ఉండే ఉంటాయి. మామూలు యూటీఎఫ్-8లో రాసిన ఫైల్‌ను డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్ ఆ తెలుగును పిచ్చి గీతలుగా చూపిస్తుంది, బాబాయి ప్రోగ్రామే తప్పనుకుంటారు.

ఇక అసలు కష్టమైన భాగం. ప్రోగ్రామ్ జాబితా ఇస్తుంది. తీసేయడం దానికి అప్పగించకండి. ‘మొదటిది ఉంచి మిగతావి తీసెయ్’ అని ఒక్క లైన్ చేర్చడం ఎంత తేలికో, స్టూడియోలో అది అంత చేటు. ఎందుకో చెప్తాను.

కస్టమర్ ఆల్బమ్ కోసం ఎంచుకున్న ఫొటోలను ‘సెలెక్షన్’ అనే ఫోల్డర్‌లోకి కాపీ చేస్తారు కదా. ప్రోగ్రామ్ కంటికి ఆ ఫోల్డర్ మొత్తం డూప్లికేటే, ఒక్క బైటు తేడా ఉండదు. కానీ మూడు వేలలో ఏ రెండు వందలు ఎంచుకున్నారన్నది ఆ ఫోల్డర్‌లో తప్ప ఇంకెక్కడా రాసి లేదు. దాన్ని తీసేస్తే ఫొటో ఒక్కటీ పోదు, సెలెక్షన్ పోతుంది. పెళ్లికూతురి అమ్మగారిని మళ్లీ పిలిచి కూర్చోబెట్టాలి. ఆ ఫోల్డర్ తీసెయ్యాలనే ఉంటే ముందు అందులోని ఫైల్ పేర్లను ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాయించి, అసలు ఫొటోల పక్కన పెట్టండి.

రెండోది, ఫొటోలు ఎడిట్ చేసే లైట్‌రూమ్ తన క్యాటలాగ్‌లో ఫొటోలను దాచుకోదు, అవి ఉన్న దారిని మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. ఆ దారిలో ఉన్న కాపీని మీరు తీసేస్తే, అదే ఫొటో పక్క ఫోల్డర్‌లో ఉన్నా లైట్‌రూమ్‌కు అది పోయినట్టే లెక్క. ప్రీమియర్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మిక్సింగ్ చేస్తున్న వీడియోలకూ ఇదే సమస్య, ప్రాజెక్ట్ తెరవగానే మీడియా ఆఫ్‌లైన్ అని ఎర్రగా అరుస్తుంది. నడుస్తున్న ప్రాజెక్టులున్న ఫోల్డర్లను వెతుకులాట నుంచి ముందే మినహాయించండి.

మూడోది, వేరే డిస్కులో ఉన్న రెండో కాపీని డూప్లికేట్ అనకండి, అది బ్యాకప్. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే చోట అనే 3-2-1 పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్, మీ వృత్తివాడే. మీ దగ్గరున్న మూడు డిస్కుల్లోనూ ఒకే పెళ్లి ఉందంటే అది అదృష్టమే కావచ్చు. అందుకని ఒక్కో డిస్కును విడివిడిగా వెతకండి. ఒకే డిస్కులో నాలుగుసార్లున్నదే అసలు దండగ. డిస్కు పోతే నాలుగూ కలిసి పోతాయి కాబట్టి అక్కడ రెండో కాపీ వల్ల భద్రతా లేదు, చోటూ లేదు.

వరస ఫైళ్ల జాబితా బాబాయి ముందు పెడితే ఆయన రెండో పేజీలోనే విసుగెత్తి ‘నీ ఇష్టం’ అంటారు. అది వినకండి. ఫైళ్ల లెక్కను ఫోల్డర్ల లెక్కగా మార్చి చూపించండి. ఏ ఫోల్డర్‌కూ ఏ ఫోల్డర్‌కూ మధ్య ఎన్ని ఫైళ్లు కలిశాయో ఇంకో డిక్షనరీలో లెక్కేస్తే చాలు. ‘డెస్క్‌టాప్ బ్యాకప్‌లోని రిసెప్షన్ ఫోల్డర్‌లో ఉన్న ప్రతి ఫైల్ ఒరిజినల్స్‌లో ఉంది’ అని వస్తే ఆయన చూడగానే తేల్చేస్తారు. ‘మూడు తప్ప అన్నీ ఉన్నాయి’ అని వస్తే ఆ మూడూ ఏమిటో తెరిచి చూస్తారు. చాలాసార్లు కష్టపడి రీటచ్ చేసినవి అవే అయి ఉంటాయి. జాబితాను వృథా అయ్యే చోటును బట్టి, అంటే ఒక కాపీ పోను మిగతా కాపీల సైజును బట్టి, పెద్దదాని నుంచి చిన్నదానికి వరస చేయండి. పైన కనిపించే పాతిక వీడియోలే మీకు కావాల్సిన చోటులో సగం ఇచ్చినా ఆశ్చర్యం లేదు. కింద ఉన్న వేల చిన్న ఫైళ్ల జోలికి వెళ్లే అవసరమే రాకపోవచ్చు.

ఆయన సరేనన్న ఫోల్డర్లను కూడా వెంటనే డిలీట్ చేయకండి. పైథాన్‌లో ‘రిమూవ్’ అంటే ఫైల్ రీసైకిల్ బిన్‌కు వెళ్లదు, నేరుగా పోతుంది. అదే డిస్కులో ‘తీసేయాల్సినవి’ అని ఒక ఫోల్డర్ పెట్టి, పాత దారి అలాగే ఉండేలా అందులోకి జరపండి. ఒకే డిస్కులో జరపడం పేరు మార్చడం లాంటిదే, ఎంత పెద్ద వీడియో అయినా క్షణంలో అవుతుంది. వేరే డిస్కుకు జరిపితే మాత్రం కాపీ చేసి, ఆ తర్వాత తీసేస్తుంది, ఆ టెన్షన్ మీకొద్దు. ఈ సీజన్ ఆల్బమ్‌లన్నీ డెలివరీ అయ్యేదాకా ఆ ఫోల్డర్‌ను అలా ఉంచండి. చోటు అప్పటిదాకా ఖాళీ కాదనేది నిజమే, ఓపిక పట్టండి.

వాట్సాప్ సంగతికొస్తే, ఈ ప్రోగ్రామ్ పట్టుకోలేదు. వాట్సాప్ మామూలుగా ఫొటో పంపేటప్పుడు దాన్ని చిన్నది చేసి మళ్లీ కంప్రెస్ చేస్తుంది, కంటికి అదే బొమ్మ గానీ బైట్లు వేరు. డాక్యుమెంట్‌గా పంపితే మాత్రం ఫైల్ ఉన్నదున్నట్టు వస్తుంది. బొమ్మ పోలికను బట్టి వెతకాలంటే డీ-హ్యాష్ అనే పద్ధతి ఉంది. ఫొటోను తొమ్మిది బై ఎనిమిది చుక్కల నలుపు తెలుపు బొమ్మగా కుదించి, ప్రతి చుక్కా పక్క చుక్క కన్నా వెలుగా కాదా అని రాస్తే 64 బిట్లు వస్తాయి. రెండు ఫొటోల మధ్య ఆ బిట్లలో తేడా కొద్దిగానే ఉంటే రెండూ ఒకే బొమ్మ కావచ్చు. పిల్లో, ఇమేజ్‌హ్యాష్ అనే పైథాన్ లైబ్రరీలతో కొద్ది లైన్లలో అయిపోతుంది. కానీ దీన్ని ఫోన్‌లోని వాట్సాప్ ఫోల్డర్ మీదే వాడండి, షాపు డిస్కు మీద వద్దు. తలంబ్రాలు పోసేటప్పుడు కెమెరా బరస్ట్‌లో సెకనుకు ఎన్నో ఫ్రేములు తీస్తుంది. డీ-హ్యాష్‌కు అవన్నీ ఒకటే బొమ్మ. ఒకదాంట్లో పెళ్లికూతురు కళ్లు మూసుకుని ఉంటుంది, ఇంకోదాంట్లో బియ్యం గాల్లో ఉండి ఇద్దరూ నవ్వుతుంటారు. కస్టమర్ డబ్బులిచ్చేది ఆ రెండోదానికి.

రాయడం ఇష్టం లేకపోతే ఉచితంగా దొరికే చ్కావ్కా అనే టూల్ విండోస్‌లో ఈ పనంతా చేస్తుంది. లినక్స్‌లో ఎఫ్‌డూప్స్, ఆర్‌డీఫైండ్ ఉన్నాయి. అయినా మీరు రాయమనే నా సలహా. ‘సెలెక్షన్’ ఫోల్డర్‌ను ముట్టుకోవద్దని ఆ టూల్‌కు తనంతట తెలియదు, మీరు మీ షాపును బట్టి ప్రోగ్రామ్‌లో రాసుకోగలరు.

పక్క స్టూడియో ఆయనకు తప్పకుండా చేసిపెట్టండి, డబ్బు కూడా తీసుకోండి. కాకపోతే డిస్కు మీ షాపుకు తెచ్చుకోవద్దు. అందులో ఉన్నవి ఆయన కస్టమర్ల ఇళ్లలోని ఆడవాళ్ల, పిల్లల ఫొటోలు. రేపు ఒక్కటి ఎక్కడైనా కనిపిస్తే వేలు మీ వైపే చూపిస్తారు. ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, ఆయన సిస్టమ్‌లో, ఆయన పక్కన కూర్చుని ఉండగా నడపండి. జాబితా ఇచ్చి రండి. ఫోల్డర్లు జరిపే భాగాన్ని వేరే ఫైల్‌గా ఉంచి, దాన్ని ఆయన చేతే నడిపించండి. రాత్రి షాపు మూసేటప్పుడు పెట్టి వెళ్లే పనైతే, సిస్టమ్ స్లీప్‌లోకి వెళ్లకుండా పవర్ సెట్టింగ్ ముందే మార్చమనండి.